ట్యాంకు నిండినా మీటరు ఖాళీ అంటే

క్యాంపర్ వ్యానులో, అంటే పడక, పొయ్యి, సింకు, నీళ్ళ ట్యాంకు అన్నీ అమర్చుకొని ఆగిన చోటే ఇల్లుగా మారే వాహనంలో, నీటిమట్టం చూపే మీటరు మొరాయించినప్పుడు చాలామంది యజమానులు చేసే మొదటి పని కొత్త సెన్సర్ కొనడం, రెండో పని దాన్ని పాతదాని స్థానంలో బిగించి చుట్టూ దట్టంగా సిలికోన్ పూయడం. కొన్నాళ్ళు గడిచేసరికి కొత్తది కూడా పాతదాని దారే పడుతుంది. లోపం ఎక్కడుంది? ట్యాంకు లోపల ఉండే సెన్సర్ భాగం నీటిలో నానడానికే తయారైనది కాబట్టి దానికి నీటివల్ల వచ్చే ముప్పు తక్కువ. ట్యాంకు బయట, సెన్సర్ తలకూ వ్యాను వైరింగుకూ మధ్య ఉండే అతుకు మాత్రం పొడిగా ఉంటుందన్న భరోసాతో వదిలేసినది, కానీ అది పొడిగా ఉండదు. చల్లని నీళ్ళున్న ట్యాంకు గోడ మీద వ్యాను లోపలి వెచ్చని గాలిలోని ఆవిరి బొట్లుగా పట్టి, కిందికి జారి, ఆ అతుకులోకే చేరుతుంది. మరమ్మతులో అసలు పని అక్కడ ఉంది.

ఇంత చిన్న మీటరు కోసం అంత శ్రమ అవసరమా అన్న సందేహం రావచ్చు. ఫియట్ డుకాటో వంటి పెద్ద వ్యాన్లపై కట్టిన క్యాంపర్లలో మంచినీళ్ళ ట్యాంకు సుమారు 100 లీటర్లు, ఫోక్స్‌వాగన్ కాలిఫోర్నియా వంటి చిన్నవాటిలో సుమారు 30 లీటర్లు పడుతుంది. లీటరు నీరు కిలో బరువు కనుక, 3,500 కిలోల గరిష్ఠ బరువు పరిమితికి లోబడి తిరిగే ఐరోపా వ్యానులో ట్యాంకు నిండి ఉందో లేదో తెలియకపోవడమంటే ఒక మనిషికి మించిన బరువు బండిలో ఉందో లేదో తెలియకపోవడమే. నీటిలో మునిగి పనిచేసే చిన్న పంపులు, నీళ్ళు అయిపోయిన సంగతి తెలియక వదిలేస్తే, పొడిగా తిరిగి కాలిపోతాయి కూడా. పైగా ఈ మరమ్మతుకు విద్యుత్ శాస్త్రంలో ప్రవేశం అక్కరలేదు; మల్టీమీటరును, అంటే వోల్టేజినీ నిరోధాన్నీ కొలిచే చేతి పరికరాన్ని, ఓమ్‌ల స్థానంలో పెట్టి రెండు కొనలను రెండు తీగలకు తాకించడం వస్తే చాలు.

ముందు సెన్సర్ రకాన్ని గుర్తించాలి

ట్యాంకు పైభాగం నుంచి వేర్వేరు పొడవుల స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు కిందికి దిగి ఉంటే, లేదా ట్యాంకు పక్క గోడకు ఒకదానిపై ఒకటిగా మూడు నాలుగు బోల్టు తలలు కనిపించి వాటికి తీగలు కలిసి ఉంటే, అది కడ్డీ రకం. మొదటి అమరిక ఐరోపా వాహనాల్లో, రెండోది అమెరికా వాహనాల్లో ఎక్కువ. నీరు ఎంత ఎత్తుకు వస్తే అన్ని కడ్డీల మధ్య స్వల్ప విద్యుత్తు ప్రవహించి, ఖాళీ, మూడో వంతు, రెండు వంతులు, నిండు అన్న దీపాలు వెలుగుతాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో డాబా మీది ట్యాంకు నిండగానే మోగే అలారంలో వేలాడే తీగలు చేసే పని కూడా ఇదే కనుక, అలాంటిది ఒకసారి విప్పి చూసినవారికి దీనిలో కొత్తదేమీ లేదు.

ఒకే ఒక్క నిలువు గొట్టం, దానిపై పైకీ కిందికీ జారే బిళ్ళ ఉంటే అది ఫ్లోట్ రకం. బిళ్ళలో అయస్కాంతం, గొట్టంలో వరసగా రీడ్ స్విచ్చులు ఉంటాయి; రీడ్ స్విచ్ అంటే గాజు గొట్టంలో మూసిన రెండు పలుచని లోహపు రేకులు అయస్కాంతం దగ్గరికి రాగానే ఒకదానికొకటి తగిలే స్విచ్. 1936లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో వాల్టర్ ఎల్‌వుడ్ రూపొందించిన ఈ స్విచ్, గాజులో మూతపడి ఉన్నందువల్లనే ఇన్నేళ్ళ తరువాత కూడా తడి ఉన్న చోట్ల చెలామణిలో ఉంది. ట్యాంకుకు ఎక్కడా రంధ్రం లేకుండా బయటి గోడకు పొడవాటి పట్టీ అంటించి ఉంటే అది మూడో రకం, ప్లాస్టిక్ గోడ గుండానే నీటి ఉనికిని పసిగట్టేది. లోహపు ట్యాంకులకు అది పనికిరాదు. దానికి ట్యాంకు నీటితో సంబంధం లేకపోయినా, తీగల అతుకు విషయంలో మిగిలిన రెండింటికీ వర్తించే నియమాలే వర్తిస్తాయి.

లక్షణాన్ని బట్టి తప్పును పట్టుకోవడం

ఎప్పుడూ ఖాళీ అని చూపడం, ఎప్పుడూ నిండు అని చూపడం, ప్రయాణంలో ఉన్నట్టుండి మారడం: ఫిర్యాదులన్నీ దాదాపు ఈ మూడింటిలో ఇమిడిపోతాయి. కడ్డీ రకంలో ఎప్పుడూ ఖాళీ అంటే దారి ఎక్కడో తెగిందని అర్థం, అన్ని కడ్డీలకూ ఉమ్మడిగా ఉండే తీగ ఒక్కటి తెగినా అన్ని దీపాలూ ఆరిపోతాయి కాబట్టి వెతుకులాట అక్కడి నుంచి మొదలుపెట్టడం తెలివైన పని. ఎప్పుడూ నిండు అంటే నీరు లేకపోయినా కడ్డీల మధ్య ఏదో దారి ఏర్పడిందని అర్థం: మంచినీళ్ళ ట్యాంకులో అది సెన్సర్ తల కింద పేరుకున్న తడి పాచి కావచ్చు, వాడిన నీళ్ళ ట్యాంకులో సబ్బు, నూనె జిడ్డు కలిసిన పొర కావచ్చు, బయట తల మీద తీగలు బిగించే మేకుల మధ్య నిలిచిన నీటి బొట్టు కావచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కడ్డీ రకం నీటిలో కరిగిన లవణాల మీద ఆధారపడుతుంది కనుక వాన నీళ్ళో, బాగా వడపోసిన ఆర్‌ఓ నీళ్ళో పోస్తే నిక్షేపంగా ఉన్న సెన్సర్ కూడా తక్కువ చూపవచ్చు. విప్పే ముందు మామూలు కుళాయి నీళ్ళు పోసి చూడడం వల్ల ఒక పూట పని తప్పిపోవచ్చు.

ఫ్లోట్ రకంలో ఇదే లక్షణాలకు అర్థం వేరు, అదీ మీటరు ఏ ప్రమాణంలో తయారైందన్న దానిని బట్టి మారుతుంది. అమెరికా ప్రమాణంలో ఖాళీ ట్యాంకుకు 240 ఓమ్‌లు, నిండు ట్యాంకుకు 33 ఓమ్‌లు. ఐరోపా ప్రమాణంలో ఖాళీకి 10, నిండుకు 180. అందువల్ల తీగ తెగితే, అంటే నిరోధం అపరిమితమైతే, అమెరికా మీటరు ఖాళీ అంటుంది, ఐరోపా మీటరు నిండు అంటుంది. రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే ఫలితాలు సరిగ్గా తారుమారవుతాయి. ఎవరో రాసిన సలహా చదివి, అది ఏ ఖండపు మీటరు గురించి రాసినదో చూడకుండా తీగలను మార్చినవారు తప్పును ఒకటికి రెండు చేసుకుంటారు.

డాలస్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం పాత వ్యాను కొని, పాడైన సెన్సర్ స్థానంలో చవకగా దొరికిందని ఐరోపా ప్రమాణపు సెన్సర్‌ను అమెరికా మీటరుకు కలిపిందనుకుందాం. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు సెన్సర్ 10 ఓమ్‌లు ఇస్తుంది, 33 కంటే తక్కువ కనుక మీటరు నిండు అంటుంది. నీళ్ళు నింపగా నింపగా ముల్లు కిందికి దిగుతూ, ట్యాంకు పొంగే సమయానికి 180 ఓమ్‌ల దగ్గర, పావు వంతు దరిదాపున ఆగిపోతుంది. ఇందులో సెన్సర్‌కూ తీగలకూ మీటరుకూ ఏ లోపమూ లేదు, నీరు చొరకుండా ఎంత మూసినా ప్రయోజనమూ లేదు. కొనే ముందు పెట్టె మీద ఈ అంకెలు సరిచూసుకోవడం ఎందుకు ముఖ్యమో ఇంతకంటే చెప్పనక్కరలేదు.

మరమ్మతు క్రమం

1. వ్యానులోని 12 వోల్టుల సహాయక బ్యాటరీ ఫ్యూజును ముందుగా తీసివేసి, నీళ్ళ పంపు స్విచ్చును ఆపివేయాలి. సెన్సర్ పక్క గోడకు ఉంటే నీటిని దాని మట్టం కంటే కిందికి దించిన తరువాతే విప్పాలి.

2. తీగలు విప్పకముందు ఫోటో తీయడం, ప్రతి తీగకూ కాగితపు చీటీ అంటించడం రెండూ అవసరమే, ఎందుకంటే కడ్డీ రకంలో నాలుగైదు తీగల రంగులు చెమ్మకు వెలిసిపోయి ఒకేలా కనిపించడం సాధారణం.

3. తప్పు సెన్సర్‌దా, మీటరుదా అన్నది సెన్సర్‌ను ట్యాంకు నుంచి బయటికి తీయకుండానే తేల్చవచ్చు. కడ్డీ రకంలో తీగలను సెన్సర్ నుంచి విడదీసి, ఫ్యూజు తిరిగి పెట్టి, ఉమ్మడి తీగ కొనను మిగిలిన తీగల కొనలతో ఒక్కొక్కటిగా కలిపి చూడాలి. కలిపినప్పుడల్లా ఆయా దీపం వెలిగితే మీటరూ దారీ బాగున్నట్లే, తప్పు సెన్సర్ దగ్గరే ఉంది. ఫ్లోట్ రకంలో అలా ఊరికే కలపడం కంటే, ఎలక్ట్రానిక్స్ దుకాణంలో చిల్లర డబ్బులకు దొరికే రెసిస్టర్లను, అమెరికా మీటరుకైతే 240, 33 ఓమ్‌లకు దగ్గరివాటిని, రెండు తీగల మధ్య పెట్టి ముల్లు రెండు చివరలకూ వెళుతోందో లేదో చూడడం మేలు. ముల్లు కదలకపోతే? అప్పుడు సెన్సర్‌ను ముట్టుకోవలసిన పనే లేదు, తీగ దారిలోనో మీటరు వెనకనో వెతకాలి.

4. ఫ్లోట్ సెన్సర్‌ను బయటికి తీసిన తరువాత మల్టీమీటరు కొనలను దాని రెండు తీగలకు తాకించి, బిళ్ళను చేత్తో నెమ్మదిగా కింది నుంచి పైకి జరపాలి. చాలా రకాల్లో రెండు సెంటీమీటర్ల దరిదాపు దూరానికి ఒకసారి అంకె మెట్లు మెట్లుగా మారుతుంది, సాఫీగా జారదు. దీన్ని చూసి సెన్సర్ చెడిపోయిందని పొరబడకూడదు. ఒక మెట్టు దగ్గర అంకె పూర్తిగా మాయమై తరువాత తిరిగి వస్తే ఆ స్విచ్ ఒక్కటి పోయిందని, మొదటి నుంచి చివరి వరకు అంకె రాకపోతే తల లోపలి అతుకు తెగిందని అర్థం. బిళ్ళ ఎక్కడైనా పట్టేస్తే గొట్టం మీద సున్నం పేరుకుందన్నమాట.

5. సున్నపు పొరకూ పాచికీ కిరాణా దుకాణపు నిమ్మఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లపు పలుకులు, చాలినంత బలమైనది. లీటరు గోరువెచ్చని నీటిలో 50 గ్రాములు కరిగించి అరగంటో గంటో నానబెట్టి మెత్తని బ్రష్షుతో రుద్దితే సరిపోతుంది. కడ్డీలను ఉక్కు పీచుతో గీకితే ఆ గీతల్లోనే తరువాతి పొర మరింత గట్టిగా పట్టుకుంటుంది, పీచు నుంచి రాలిన ఇనుప రజను తుప్పుకు బీజం వేస్తుంది. ఒక హెచ్చరికను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు: నిమ్మఉప్పు, వెనిగర్ వంటి ఆమ్లాలు బ్లీచింగ్ ద్రవంతో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మూసిన వ్యానులో అది ప్రాణాంతకం కాగలదు కనుక, ఒకటి పూర్తిగా కడిగివేసిన తరువాతే, వీలైతే వేరొక రోజున, రెండోదాన్ని వాడాలి.

కడ్డీల్లో ఒకటి మాత్రమే సన్నబడి గుంటలు పడి ఉంటే దాని వెనుక వేరే కారణం ఉంటుంది. ఒకే దిశలో నిరంతరం ప్రవహించే విద్యుత్తు నీటిలోని ఒక కడ్డీని కొంచెం కొంచెంగా కరిగిస్తూ, రెండోదానిపై పొర పేరుస్తుంది. మంచి మీటర్లలో మీట నొక్కినంతసేపే విద్యుత్తు వెళ్ళేలా ఏర్పాటు ఉండేది ఇందుకే. ఆ మీటను తీసివేసి మీటరు ఎల్లవేళలా వెలిగేలా మార్చుకున్న వ్యాన్లలో కడ్డీలు త్వరగా పోతాయి. మార్చవలసి వస్తే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలును ఎంచుకోవాలి, అందులోని మాలిబ్డినం వల్ల అది క్లోరిన్ కలిసిన నీటిని 304 రకం కంటే బాగా తట్టుకుంటుంది.

6. ఇక అసలు పని. పాత అతుకును కత్తిరించి, తీగ తొడుగును అంగుళం మేర ఒలిచి చూడాలి. రాగి పోగులు మెరుస్తూ కనిపిస్తే అదృష్టమే. ఎక్కువసార్లు అవి నల్లగానో, పచ్చని చిలుము పట్టో ఉంటాయి. తీగ లోపలి పోగుల మధ్య సందులు ఎంతో సన్నవి, కనుక ఒక కొన తడిసిందంటే నీరు ఆ సందుల వెంట తనంతట తానే పాకుతూ తొడుగు లోపల చాలా దూరం ప్రయాణిస్తుంది. బయట కొత్తదిలా కనిపించే తీగ లోపల కుళ్ళి ఉండడానికి కారణం ఇదే. మెరిసే రాగి వచ్చేవరకు అంగుళం అంగుళం వెనక్కి కత్తిరించుకుంటూ పోవాలి. తీగ పొట్టిదైపోతుందన్న భయంతో నల్లబడ్డ రాగి మీదే అతుకు వేయడం ఈ మరమ్మతులో అత్యంత సాధారణమైన పొరపాటు. దాని మీద టంకం పట్టదు, క్లిప్పు బిగిసినా నిరోధం మారుతూనే ఉంటుంది, 33 ఓమ్‌లకూ 240 ఓమ్‌లకూ మధ్య తేడానే మీటరు చదువుతుంది కనుక అతుకులో చేరిన 20 ఓమ్‌లు కూడా ముల్లును పక్కకు లాగుతాయి. కొత్తగా కలిపే తీగ రాగిపై తగరపు పూత ఉన్న, పడవల్లో వాడే రకమైతే చిలుముకు మరింత ఆలస్యంగా లొంగుతుంది.

7. కత్తిరించిన తరువాత ఆరబెట్టడానికి ఓపిక కావాలి. ఒక రాత్రంతా వెచ్చని గదిలో ఉంచడం కనీసం. హెయిర్ డ్రయర్‌తో పది నిమిషాలు వేడి చేసి పైపై తడి ఆరిందని సంతృప్తి పడితే, లోపల మిగిలిన చెమ్మ మీదనే మూత వేసినట్లవుతుంది. తడిని బయటికి పోనీయని మూత తడిని లోపలికి రానిచ్చే మూత కంటే ఏ విధంగా మేలు?

8. అతుకు వేయడంలో మూడు చిన్న పనులు ఉన్నాయి, మూడో దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. మొదట, లోపలి గోడకు జిగురు పూసి ఉన్న హీట్‌ష్రింక్ గొట్టాన్ని, అంటే వేడి తగిలితే మూడో వంతుకు కుంచించుకుపోయే ప్లాస్టిక్ తొడుగును, తీగకు ముందే తొడిగి వెనక్కి జరిపి పెట్టుకోవాలి. జిగురు లేని రకం చూడడానికి అలాగే ఉంటుంది, చవక కూడా, కానీ నీటిని ఆపదు. రెండవది, తీగలను సరైన పనిముట్టుతో క్రింప్ చేయాలి, అంటే లోహపు గొట్టంలో రెండు కొనలూ పెట్టి నొక్కి బిగించాలి. కదిలే బండిలో టంకం వేసిన చోటు గట్టిపడి, దాని అంచు దగ్గర తీగ ఊగి ఊగి తెగుతుంది కాబట్టి బరువు మోసే అతుకుకు క్రింపే సరైనది. మూడవది నీటి అడ్డుకట్ట: అతుకుకు కొంచెం ఎగువన, తీగ కదలకుండా బిగించి ఉన్న చోట, తొడుగును అర అంగుళం ఒలిచి, పోగుల మధ్య సందులు నిండేలా టంకం పోసి, దాని మీద మళ్ళీ జిగురున్న హీట్‌ష్రింక్ వేయాలి. ఎప్పటికైనా అతుకులోకి నీరు వస్తే ఆ నీరు పోగుల వెంట పాకి మీటరు దాకా పోకుండా అక్కడ ఆగిపోతుంది. హీట్‌ష్రింక్‌ను లైటరు మంటతో కాల్చడం కంటే హీట్ గన్‌తో మధ్య నుంచి చివరలకు వేడి చేయడం మంచిది; రెండు చివరలా జిగురు సన్నని ఉంగరంలా బయటికి ఉబికితేనే పని పూర్తయినట్లు. స్టీల్ కడ్డీల మేకులకు టంకం మామూలు ఫ్లక్స్‌తో పట్టదు కనుక అక్కడ తగరపు పూత ఉన్న వలయపు కొసను స్టెయిన్‌లెస్ నట్టుతో బిగించడమే మార్గం.

9. సెన్సర్ తల పైభాగంలో చిన్న గిన్నెలాంటి ఖాళీ ఉంటే దాన్ని ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురుతో, పైదాకా నింపవచ్చు. నింపే ముందు తీగ తొడుగునూ గిన్నె గోడలనూ గరుకు కాగితంతో రుద్ది స్పిరిట్‌తో తుడవాలి. పాలీఎథిలీన్, టెఫ్లాన్, సిలికోన్ తొడుగున్న తీగలకు ఎపాక్సీ పట్టదు. పీవీసీ తొడుగున్న వాటికి పడుతుంది. ఇక్కడ సగం నింపి వదిలేయడం ఏమీ నింపకపోవడం కంటే హానికరం, ఎందుకంటే మిగిలిన ఖాళీలో గాలి ఉంటుంది, పగటి వేడికి ఆ గాలి వ్యాకోచించి సందుల గుండా బయటికి పోతుంది, రాత్రి చల్లని నీళ్ళు పోయగానే సంకోచించి బయటి చెమ్మను లోపలికి పీల్చుకుంటుంది. నీరు చొరదని చెప్పి అమ్మే పెట్టెల్లో కూడా నీరు కనిపించడానికి ఈ ఊపిరే కారణం. కాబట్టి రెండే మార్గాలు: పూర్తిగా నింపడం, లేదా అట్టడుగున ఒక చిన్న రంధ్రం వదిలి చేరిన నీరు కారిపోనీయడం.

10. బండిలో బిగించే ముందు బకెట్ పరీక్ష చేయాలి. బకెట్ నీటిలో చిటికెడు ఉప్పు వేసి, సెన్సర్ తలను, కడ్డీ రకమైతే కడ్డీలు పైకి ఉండేలా తలకిందులుగా, అతుకుతో సహా ముంచి రాత్రంతా ఉంచాలి. పొద్దున మల్టీమీటరును అత్యధిక ఓమ్‌ల స్థానంలో పెట్టి, ఒక కొనను నీటిలో, మరొక కొనను పొడిగా ఉన్న తీగల చివరకు తాకించాలి. ఏ అంకె వచ్చినా నీరు రాగిని ఎక్కడో చేరిందనే అర్థం, అంకె ఏదీ రాకపోతేనే అతుకు నిలిచింది. నిరాశ కలిగినా ఇక్కడ కలగడమే మంచిది. అరిజోనా ఎడారి మధ్యలో ఓడిపోయే అతుకు బకెట్‌లో ఓడిపోతే నష్టం ఒక హీట్‌ష్రింక్ ముక్క మాత్రమే.

11. ట్యాంకుకు తిరిగి బిగించేటప్పుడు కొత్త రబ్బరు గాస్కెట్ వాడాలి, అది తాగునీటికి తగినదని తయారీదారు స్పష్టంగా చెప్పిన ఈపీడీఎం రబ్బరో ఆహారయోగ్యమైన సిలికోనో అయి ఉండాలి. ఐదు స్క్రూల తల ఉన్న సెన్సర్లలో రంధ్రాలు సమాన దూరంలో ఉండవు, ఒక్క స్థితిలోనే అన్నీ కలుస్తాయి; కలవకపోతే రంధ్రం పెద్దది చేయకుండా తలను ఒక్కొక్క రంధ్రం చొప్పున తిప్పి చూడాలి. స్క్రూలను వరసగా కాక ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ప్లాస్టిక్ ట్యాంకులో ఎక్కువ బలం వాడితే మర పోతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

వీటిలో మొదటి స్థానం నిస్సందేహంగా సిలికోన్‌దే. గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. తడి నుంచి కాపాడతాడనుకున్న కాపలాదారే దొంగగా మారినట్లు. విద్యుత్ అతుకుల దగ్గర న్యూట్రల్ రకాన్ని మాత్రమే వాడాలి, అదీ గాస్కెట్‌కు ప్రత్యామ్నాయంగా కాదు, ఎందుకంటే ట్యాంకులు తయారయ్యే పాలీఎథిలీన్‌కు ఏ సిలికోనూ గట్టిగా అంటుకోదు. నీరు కారుతున్న తల చుట్టూ పొర మీద పొర పూసినవారికి చివరికి మిగిలేది ఒలిస్తే ఊడివచ్చే రబ్బరు పట్టీ.

రెండోది మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు. వేడికి దాని జిగురు కరిగి జారుతుంది, మడతల మధ్య నీరు నిలుస్తుంది. మూడోది కేబుల్ గ్లాండ్, అంటే తీగ లోపలికి వెళ్ళే చోట రబ్బరును బిగించి మూసే మర బిరడా. అది గుండ్రని కేబుల్‌కు ఉద్దేశించినది, అందులోంచి రెండు సన్నని విడి తీగలను దూర్చితే వాటి మధ్య సందు ఎంత బిగించినా మూసుకోదు. గ్రీజు విషయంలో కూడా తొందర పనికిరాదు: వాజలీన్ ఈపీడీఎం రబ్బరును ఉబ్బిస్తుంది, సిలికోన్ గ్రీజు సిలికోన్ గాస్కెట్‌ను ఉబ్బిస్తుంది, కాబట్టి ఈపీడీఎంకు సిలికోన్ గ్రీజు, సిలికోన్‌కు ఏదీ పూయకపోవడం మంచి నియమం.

కొనేటప్పుడు కనిపించే ఐపీ67 అన్న గుర్తుపై పెట్టుకునే అతినమ్మకం మరొకటి. ఐఈసీ 60529 ప్రమాణం ప్రకారం అది ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాల పరీక్షకు తట్టుకుందని మాత్రమే చెబుతుంది. నెలల తరబడి చెమ్మలో, కుదుపుల్లో, వేడి చలుల మార్పుల్లో నిలుస్తుందన్న హామీ అందులో లేదు. ఇక తీగ దారి. సెన్సర్ తల నుంచి తీగ నేరుగా పైకి పోతే దాని మీద పట్టిన ప్రతి బొట్టూ అతుకులోకే జారుతుంది; తల దాటగానే తీగను ఒకసారి కిందికి వంచి ఆ తరువాత పైకి తీసుకువెళితే బొట్టు వంపు దగ్గర రాలిపోతుంది. ఖర్చు లేని ఈ ఏర్పాటు ఖరీదైన లేపనాలన్నింటికంటే ఎక్కువ పని చేస్తుంది.

వాడిన నీళ్ళ ట్యాంకు చాలా వ్యాన్లలో నేల కింద, బయటి గాలికి వేలాడుతూ ఉంటుంది కనుక దాని సెన్సర్‌కు కష్టాలు ఎక్కువ: చలికాలంలో ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపా రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు చక్రాల నుంచి ఎగిరి నేరుగా దాని మీద పడుతుంది. అక్కడ ఎపాక్సీతో పాటు తల మీద ఒక ప్లాస్టిక్ రేకు కప్పు కూడా అవసరం. జిడ్డు పొరకు ఐస్ ముక్కలూ గిన్నెల సబ్బూ వేసి బండి నడపమన్న చిట్కా ఒకటి విస్తృతంగా ప్రచారంలో ఉంది, హాని లేదు, ఆధారపడదగినది కూడా కాదు. వేడి నీళ్ళు, గిన్నెల సబ్బు కలిపి రాత్రంతా నిలవ ఉంచి పూర్తిగా వదిలేయడం దానికంటే నమ్మదగినది. అప్పటికీ మీటరు నిండు అనే అంటుంటే, ఆ ట్యాంకుకు కడ్డీల కంటే బయట అంటించే పట్టీ రకమే తగినదని ఒప్పుకోవడం మంచిది. పై నుంచి ధ్వని తరంగాలతో నీటి ఎత్తును కొలవాలని అల్ట్రాసోనిక్ సెన్సర్లను తెచ్చుకునేవారు మరొక సంగతి చూసుకోవాలి: చవకగా దొరికే నీరు చొరని రకాలు తమకు 20 సెంటీమీటర్ల లోపున్న నీటిని చూడలేవు, వ్యాను ట్యాంకుల్లో మొత్తం లోతే చాలాసార్లు అంతకు కాస్త ఎక్కువ.

బిగించిన తరువాత

ట్యాంకును తెరిచిన ప్రతిసారీ శుద్ధి చేయడం తప్పనిసరి. అమెరికాలో సాధారణంగా పాటించే కొలత ప్రకారం 57 లీటర్లకు పావు కప్పు, అంటే దాదాపు 60 మిల్లీలీటర్లు, సువాసన కలపని గృహవినియోగ బ్లీచ్ పోసి, అన్ని కుళాయిల నుంచీ ఆ వాసన వచ్చేవరకు నీటిని పారించి, కొన్ని గంటలు ఉంచి, వాసన పూర్తిగా పోయేవరకు కడగాలి. స్టీల్ కడ్డీలకు క్లోరిన్ పడదు కనుక రాత్రుళ్ళు రాత్రుళ్ళు వదిలేయకూడదు.

చివరగా కొలతల గుర్తులు. చక్రాల పైవంపులో ఇమిడేలా మలిచిన ట్యాంకు కింద ఇరుకుగా, పైన వెడల్పుగా ఉంటుంది కాబట్టి మీటరు సగం అన్నప్పుడు లోపల సగం నీళ్ళు ఉండాలని లేదు. పది లీటర్ల డబ్బాతో ఒక్కొక్క డబ్బా పోస్తూ, ప్రతిసారీ ముల్లు ఆగిన చోటును మీటరు పక్కన అంటించిన కాగితపు టేపు మీద గీసి, లీటర్లు రాయాలి. కడ్డీ రకంలో ఏ దీపం ఎన్నో డబ్బా దగ్గర వెలిగిందో రాస్తే చాలు. గీతలు గీసేటప్పుడూ, తరువాత చదివేటప్పుడూ బండి సమతలంలో నిలిచి ఉండాలి, నీళ్ళు ఊగడం ఆగి ఉండాలి; సెన్సర్ ట్యాంకు ఒక చివరన ఉంటే, ముందు చక్రాలు గట్టు మీదికి ఎక్కినంత మాత్రాన పది లీటర్ల తేడా కనిపించవచ్చు.